అమ్మమ్మ జడ ఆకుపచ్చగా ఎందుకు మారింది?

మా ఇంటి హాల్లో రెండు ఫొటోలు పక్కపక్కనే ఉండేవి. ఒకటి 1950ల నాటిది. పెళ్లయిన కొత్తలో అమ్మమ్మ పట్నం వెళ్లి స్టూడియోలో తీయించుకున్నది. దాని అంచులు నలిగాయి, ఒక మూల చెమ్మకు మచ్చ పడింది. అయినా అమ్మమ్మ జడ మాత్రం ఇప్పటికీ నల్లగా నిగనిగలాడుతూనే ఉంది. రెండోది దానికి నకలు. అసలు ఫొటో పాడైపోతుందేమోనన్న భయంతో నేనే దాన్ని స్కాన్ చేయించి, మచ్చలు తీయించి, దగ్గర్లోని షాపులో పెద్ద సైజులో ప్రింటు వేయించి పటం కట్టించాను. తెచ్చిన రోజున ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నారు. రెండో వేసవి దాటేసరికి నకలులోని జడ ఆకుపచ్చ ఛాయకు తిరిగింది. ముఖం పాలిపోయింది. కాపాడటానికి చేయించిన నకలు, కాపాడాల్సిన అసలు కంటే ముందే పోయింది.

నిజం చెప్పాలంటే షాపతన్ని నిలదీయడానికే వెళ్లాను. "మంచి ఫొటో పేపరే వేశాం సార్, ఆరు రంగుల మిషను" అన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. మిషను బాగానే ఉంది, కాగితమూ బాగానే ఉంది. తప్పు నేను అడిగిన ప్రశ్నల్లో ఉంది. సైజు అడిగాను, ధర అడిగాను, గ్లాసీయా మ్యాటా అని కూడా అడిగాను. లోపల పోసిన సిరా ఏమిటో, బూడిద రంగును ఆ మిషను దేనితో తయారుచేస్తుందో అడగలేదు. నలుపు-తెలుపు ఫొటోల కోసం ప్రింటర్ కొనేవారైనా, ప్రింటు వేయించుకునేవారైనా ముందు అడగాల్సింది అదేనని నా అభిప్రాయం. డీపీఐ, వేగం, వైఫై అన్నీ ఆ తరవాతే.

వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఇంక్‌జెట్ ప్రింటర్‌కు రంగు ఫొటో కంటే నలుపు-తెలుపు ఫొటోయే కష్టం. నల్ల సిరా ఒక్కటే ఉన్న ప్రింటర్‌కు బూడిద రంగు అనేదే తెలియదు. దానికి తెలిసింది చుక్క పెట్టడం, పెట్టకపోవడం. చుక్కలు దగ్గరగా పెడితే ముదురుగా, దూరంగా పెడితే లేతగా మన కన్నే కలిపి చూసుకుంటుంది. పాత దినపత్రికల్లోని ఫొటోలను భూతద్దంతో చూసినవారికి ఈ సంగతి తెలిసిందే. నేటి ప్రింటర్ల చుక్కలు చాలా చిన్నవి. 2 పికోలీటర్ల చుక్క గాలిలో ఉన్నప్పుడు దాని వ్యాసం సుమారు 16 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక మందంలో నాలుగో వంతో, ఐదో వంతో. ఇంత చిన్న చుక్క ఎవరికి కనిపిస్తుందని అనిపిస్తుంది. ముదురు చోట్ల కనిపించదు కూడా. బుగ్గ మీద వెలుగు పడ్డ చోట, తెల్ల చీర మడతలో, పల్చని మబ్బులో మాత్రం తెల్ల కాగితం మీద అక్కడొకటి ఇక్కడొకటి నల్ల చుక్కలు పడి ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది. నలుపు-తెలుపు ఫొటో ప్రాణం సరిగ్గా ఆ లేత ఛాయల్లోనే ఉంటుంది.

దీనికి రెండు దారులున్నాయి. మామూలు ప్రింటర్ ఎంచుకునే దారి, నీలం, గులాబీ, పసుపు సిరాలను సమపాళ్లలో కలిపి బూడిద రంగును సృష్టించడం. ఇక్కడ నీలమంటే సయాన్, గులాబీ అంటే మజెంటా. డ్రైవర్‌లో 'గ్రేస్కేల్' అని ఎంచుకున్నా చాలా ప్రింటర్లు ఫొటో కాగితం మీద ఈ పనే చేస్తాయి. నాలుగు రంగుల ట్యాంకు ప్రింటర్లలో మరో చిక్కు ఉంది. కొన్ని మోడళ్లలోని నల్ల సిరా అక్షరాల కోసం తయారైనది, మెరుపు కాగితానికి అంటదు. కాబట్టి ఫొటో పేపర్ పెట్టగానే ప్రింటర్ ఆ నల్ల సీసాను పక్కన పెట్టి, నలుపును కూడా మిగతా మూడు రంగులతోనే కలిపేస్తుంది. మీరు నలుపు-తెలుపు అనుకుంటున్న ఆ ఫొటోలో నలుపు చుక్క ఒక్కటీ ఉండదన్నమాట.

ఇలా కలిపిన బూడిద రంగుతో మొదటి ఇబ్బంది తొలి రోజే ఎదురవుతుంది. చీరల కొట్టులో ట్యూబ్‌లైటు కింద నచ్చిన చీరను అమ్మ ఎప్పుడూ గుమ్మం బయటికి తీసుకెళ్లి ఎండలో ఒకసారి చూసి గానీ బేరం మొదలుపెట్టేది కాదు. అందులో గట్టి భౌతికశాస్త్రం ఉంది. ట్యూబ్‌లైటు వెలుతురులో కొన్ని తరంగదైర్ఘ్యాలు ఎక్కువ, కొన్ని దాదాపు లేనట్టే. పగటి వెలుతురులో అన్నీ ఉంటాయి. మూడు రంగుల మిశ్రమం ఒక వెలుతురులో అచ్చమైన బూడిదగా కనిపించినా మరో దానిలో కాస్త ఎర్రగానో, ఆకుపచ్చగానో తేలుతుంది. ఎర్ర చీర రవ్వంత నారింజ వైపు జరిగితే మనం పట్టించుకోం. బూడిద రంగు వెంట్రుకవాసి జరిగినా కన్ను పట్టేస్తుంది. రంగు ఫొటోలో దాగిపోయే లోపం నలుపు-తెలుపులో ముఖం మీదే కనిపించేది అందుకే.

రెండో ఇబ్బంది మా అమ్మమ్మ జడకు వచ్చింది. మూడు సిరాలు ఒకే వేగంతో వెలిసిపోతే ఫొటో మొత్తం సమానంగా పల్చబడేది, అంతే. అలా జరగదు. ఒకటి ముందు పోతుంది, మిగతా రెండూ తమ రంగును బయటపెడతాయి. గులాబీ ముందు పోతే మిగిలేది ఆకుపచ్చ. నీలం ముందు పోతే మిగిలేది ఎర్రటి నారింజ. ఇంట్లో 1970లు, 80ల నాటి పెళ్లి ఆల్బమ్ ఉంటే తీసి చూడండి. అది ఇంక్‌జెట్ కాదు, అప్పటి రంగు ఫొటో కాగితం. అయినా కథ ఒకటే. ఆనాటి కాగితాల్లో చాలావాటిలో నీలం అద్దకం చీకట్లో ఉంచినా నిలిచేది కాదు. పందిరి, పెళ్లికూతురు, పట్టుచీర అన్నీ ఒకే ఇటుక రంగులోకి దిగిపోయాయి. అదే ఇంట్లో అంతకు ముప్పై ఏళ్ల ముందు తీసిన నలుపు-తెలుపు ఫొటోలు మాత్రం నిక్షేపంగా ఉంటాయి.

ఎందుకంటే వాటిలో ఉన్నది అద్దకం కాదు, వెండి. పాత ఫొటో కాగితంలో వెలుతురు తగిలిన చోట వెండి లవణాలు డెవలపర్‌లో లోహపు వెండిగా మారతాయి. ఆ అతి సన్నని వెండి పోగుల చిక్కే మనకు నలుపుగా కనిపిస్తుంది. ఆరో నిజాం కొలువులో ఛాయాచిత్రకారుడిగా పనిచేసిన రాజా దీన్‌దయాళ్ గాజు నెగెటివ్‌లు ఇప్పటికీ ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయంటే అది వెండి చలవే. వెండికీ జబ్బులు లేకపోలేదు. పాత ఫొటోను కాస్త వంచి వెలుతురులో చూస్తే ముదురు చోట్ల అద్దంలాంటి మెరుపు కనిపిస్తుంది. వెండి మెల్లగా పైకి వచ్చి పేరుకున్న గుర్తు అది. అయినా డెబ్బై ఏళ్లు గోడకు వేలాడిన తరవాత ఆ మాత్రం ముసలితనం క్షమించదగ్గదే.

ఇంక్‌జెట్‌లో వెండి లేదు. దానికి దీటైనది ఒకటి ఉంది, అదీ మన ఇళ్లలో పుట్టిందే: దీపపు మసి. ప్రమిదలో ఆముదం పోసి, వత్తి వెలిగించి, పైన బోర్లించిన పళ్లేనికి పట్టిన మసితో కాటుక చేసుకున్న దేశం మనది. తాళపత్రం మీద ఘంటంతో గీసి, ఆ గీతల్లో నిలిచేలా మసి రుద్ది తుడిచేసేవారు. ఆకు పెళుసుబారి విరుగుతుంది, పురుగు తింటుంది. అక్షరంలోని నలుపు మాత్రం వెలిసిపోదు. కారణం కర్బనం స్వభావంలో ఉంది. అద్దకం అణువు ఒక ప్రత్యేకమైన బంధాల అమరిక వల్ల ఒక రంగును పీల్చుకుంటుంది. కాంతి శక్తో, గాలిలోని ఓజోనో ఆ అమరికలో ఒక్క బంధాన్ని తెంచితే చాలు, రంగు పోతుంది. మసిలో అలాంటి బలహీనమైన లంకె లేదు. కర్బన పరమాణువులు పలకలు పలకలుగా అల్లుకుని, వాటి ఎలక్ట్రాన్లు పలకంతటా తిరుగుతూ, కంటికి కనిపించే అన్ని రంగులనూ పీల్చేస్తాయి. ఒక మూల చెడినా మిగతాది నల్లగానే ఉంటుంది.

ప్రింటర్ కొనేవారికి డై సిరా, పిగ్మెంట్ సిరా అని రెండు మాటలు వినిపిస్తాయి. డై అంటే నీటిలో పంచదారలా కరిగిపోయిన రంగు. ఒక్కో అణువు ఒంటరిగా కాంతికి ఎదురు నిలబడాలి. పిగ్మెంట్ అంటే కరగకుండా నీటిలో తేలుతున్న అతి సన్నని రంగు పొడి. ఒక్కో రేణువులో వేల అణువులు గట్టిగా కూర్చుని ఉంటాయి. పై వరస దెబ్బతిన్నా లోపలివి బతుకుతాయి. మంచి పిగ్మెంట్ నల్ల సిరాలో ఉండేది ప్రధానంగా కర్బనమే. దాన్ని పల్చన చేస్తే బూడిద రంగు, ఇంకా పల్చన చేస్తే లేత బూడిద రంగు. ఇదే రెండో దారి. నలుపును మూడు చిక్కదనాల్లో విడివిడిగా నింపితే బుగ్గ మీది వెలుగుకు లేత బూడిద చుక్కలు దట్టంగా పడతాయి, ఇసుక కనిపించదు, రంగు జరగదు. కర్బనాన్ని పల్చన చేస్తే కాస్త గోధుమ ఛాయ వస్తుంది. సన్నని రేణువులు నీలి కాంతిని కొంచెం ఎక్కువ పీల్చుకోవడమే దానికి కారణం. దాన్ని సరిదిద్దడానికి ప్రింటర్ రవ్వంత నీలం, గులాబీ కలుపుతుంది. ఆ రవ్వంతే రంగు, మిగతాదంతా మసి. వెలిసినా పెద్దగా నష్టం లేదు.

ఈ దారి కంపెనీల కంటే ముందు ఫొటోగ్రాఫర్లే వెతుక్కున్నారు. 1991లో అమెరికాలో గాయకుడు గ్రాహం నాష్, ఆయన మిత్రుడు మ్యాక్ హోల్బర్ట్ కలిసి 'నాష్ ఎడిషన్స్' మొదలుపెట్టారు. ముద్రణాలయాల్లో నమూనాలు తీయడానికి వాడే ఐరిస్ ఇంక్‌జెట్ యంత్రంతో కళాత్మక ఫొటోలు అచ్చువేయడం వారి పని. ప్రింట్లు అద్భుతంగా ఉండేవి గానీ తొలినాళ్ల డై సిరాలు నిలిచేవి కావు. 2000లో ఇళ్లలో వాడే ఒక ఫొటో ప్రింటర్ విషయంలో ఇంతకంటే వింత జరిగింది. కొందరి ఇళ్లలో ఆ ప్రింట్లు వారాల్లోనే నారింజ రంగుకు తిరిగాయి, మరికొందరి ఇళ్లలో బాగానే ఉన్నాయి. దోషి వెలుతురు కాదు, గాలి. త్వరగా ఆరేందుకు సూక్ష్మరంధ్రాలతో చేసిన కాగితంలోకి ఓజోన్ లాంటి వాయువులు దూరి నీలం అద్దకాన్ని తినేశాయి. వాహనాల పొగ మీద ఎండ పడితే ఓజోన్ పుడుతుంది. మన నగరాల్లో రోడ్డు పక్క ఇళ్లలో ఉండేవారు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఆ రోజుల్లోనే వెర్మాంట్‌కు చెందిన జాన్ కోన్ అనే ప్రింటర్ రంగు సిరాలను మొత్తంగా తీసేసి, వాటి స్థానంలో రకరకాల చిక్కదనాల కర్బన సిరాలు నింపే 'పీజోగ్రఫీ' పద్ధతిని అందుబాటులోకి తెచ్చారు. ఇది ఎక్కువగా ఎప్సన్ ప్రింటర్ల మీదే నడవడానికి కారణం ఉంది. కెనాన్, హెచ్‌పీ ఇంక్‌జెట్లు సిరాను క్షణంలో మరిగించి, ఆ ఆవిరి బుడగ తోపుతో చుక్కను విసురుతాయి. ఎప్సన్ నాజిల్‌లో వేడి ఉండదు. విద్యుత్తు తగిలితే ఆకారం మార్చుకునే పీజో స్ఫటికం సిరాను నొక్కి బయటికి తోస్తుంది. 1880లో క్యూరీ సోదరులు కనిపెట్టిన పీజో ప్రభావానికి ఇది తిరగేసిన రూపం. సిరాను మరిగించాల్సిన పని లేదు కాబట్టి దానిలో కొత్త ద్రవాలతో ప్రయోగాలు తేలిక. ఔత్సాహికుల ఈ పట్టుదల చివరికి కంపెనీలను కదిలించిందనే అనుకుంటాను. 2005లో ఎప్సన్ మూడు చిక్కదనాల నలుపుతో 'కే3' సిరాలను, నలుపు-తెలుపు కోసం ప్రత్యేక మోడ్‌ను తెచ్చింది.

ఇక నేటి బజారుకు వద్దాం. ఇది ఎవరి ప్రకటనా కాదు, నేను చూసిన మేరకు నా తూకం. ఎప్సన్ పీ700, పీ900 ప్రింటర్లలో 10 పిగ్మెంట్ సిరాలుంటే అందులో నాలుగు నలుపు కుటుంబానివే: మెరుపు కాగితానికి ఒక నలుపు, మ్యాట్ కాగితానికి ఒక నలుపు, బూడిద, లేత బూడిద. కెనాన్ ప్రో-300లోనూ 10 సిరాలున్నాయి, నలుపులు రెండున్నాయి, కానీ బూడిద ఒక్కటే. ఒక సీసా మాత్రం రంగు లేని పూత. మెరుపు కాగితం మీద పిగ్మెంట్ పైపైన కూర్చుని పక్క నుంచి చూస్తే కంచు మెరుపు కొడుతుంది, దాన్ని ఈ పూత కప్పుతుంది. రంగు ఫొటోలు కూడా వేసేవారికి రెండూ మంచివే. నలుపు-తెలుపే ప్రధానమైతే బూడిదలు ఎక్కువున్నదాని వైపే మొగ్గుతాను.

ఇవి ఖరీదైనవి. ఆరు రంగుల ట్యాంకు ప్రింటర్ కంటే రెండింతలకు మించి పడతాయి, సిరా ఖర్చు వేరు. అందుకే చాలామంది ట్యాంకు ప్రింటర్ల వైపు చూస్తారు, అందులో తప్పు లేదు. అయితే ఆరు రంగులన్నీ ఒకటి కావు. ఎప్సన్ ఎల్8050లో నాలుగు రంగులకు తోడు లేత నీలం, లేత గులాబీ ఉంటాయి. చర్మపు రంగుకు బాగుంటుంది, బూడిద మాత్రం లేదు. కెనాన్ జీ570లో తోడుగా ఉండేవి ఎరుపు, బూడిద. రెండూ డై సిరాలే కాబట్టి ఆయుష్షు విషయంలో పిగ్మెంట్‌తో పోల్చలేం. రంగు జరగకుండా నలుపు-తెలుపు రావాలంటే మాత్రం బూడిద ఉన్నదే మేలు. షాపులో ఎవరూ ఈ తేడా చెప్పరు. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండేది 'ఆరు రంగులు' అన్న మాటే.

పెట్టె మీది మరో అంకె 5760 డీపీఐ. అది ఫొటోలోని వివరాల లెక్క కాదు, ప్రింటర్ చుక్కను ఎంత దగ్గరగా పెట్టగలదన్న లెక్క. ఒక్క బూడిద ఛాయను చూపడానికే ఆ చుక్కలు బోలెడు ఖర్చవుతాయి. మీ ఫొటో అంగుళానికి 300 పిక్సెల్స్ ఉంటే సరిపోతుంది. ఏ4 సైజుకు అది సుమారు 87 లక్షల పిక్సెల్స్. జేబులో ఫోను ఉన్న ఎవరికైనా అంతకంటే ఎక్కువే ఉన్నాయి.

సీసాల్లో చౌకగా దొరికే 'అన్ని ప్రింటర్లకూ సరిపోయే' సిరాల గురించి ఒక మాట. హాల్‌టికెట్లు, బిల్లులు వేసుకోవడానికి వాడండి, నేనూ వాడతాను. ఇంటి పెద్దల ఫొటోలకు వద్దు. ఆ సీసాలో ఏ అద్దకం ఉందో, దాన్ని ఎవరైనా వెలుతురులో పెట్టి పరీక్షించారో లేదో కొనేవాడికీ అమ్మేవాడికీ కూడా తెలియదు. ఆదా అయ్యేది ఒక్కో ప్రింటు మీద కొద్ది రూపాయలు. పటం కట్టించడానికి పెట్టే ఖర్చు అంతకంటే చాలా ఎక్కువ.

కంపెనీ సిరాల మీద రాసే '100 ఏళ్లు', '200 ఏళ్లు' మాటలనూ కాస్త జాగ్రత్తగా చదవాలి. వందేళ్లు వేచి చూసి చెప్పిన మాటలు కావవి. ప్రింటును తీవ్రమైన వెలుతురులో కొన్ని నెలలు ఉంచి, ఎంత వెలిసిందో కొలిచి, గుణించి చెప్పిన అంచనాలు. ఈ రంగంలో పేరున్న అమెరికా సంస్థ విల్‌హెల్మ్ ఇమేజింగ్ రీసెర్చ్ వాడే లెక్కలో గోడ మీద రోజుకు 12 గంటలు 450 లక్స్ వెలుతురు, 24 డిగ్రీల ఉష్ణోగ్రత, 60 శాతం తేమ, ముందు అద్దం ఉంటాయి. మే నెల విజయవాడలో 24 డిగ్రీలు ఏసీ గదిలో తప్ప ఎక్కడుంటాయి? విశాఖలో తేమ 60 దగ్గర ఆగే రోజులెన్ని? పరీక్ష తప్పని కాదు. ఒక సిరాను మరో సిరాతో పోల్చడానికి ఆ అంకెలు చాలా ఉపయోగపడతాయి. మన గోడకు అవే ఏళ్లు వస్తాయని మాత్రం అనుకోకూడదు. మన వాతావరణంలో, మన ఇళ్ల వెలుతురులో చేసిన పరీక్షల ఫలితాలు సామాన్యుడి చేతికి అందేలా ఉండాలి. ఇంత ఫొటోల పిచ్చి ఉన్న దేశంలో ఇది అత్యాశేమీ కాదు.

సిరా తరవాత కాగితం. ఇక్కడ అందరినీ మోసం చేసేది తెలుపు. కళ్లు చెదిరే తెల్ల కాగితంలో సాధారణంగా ఆప్టికల్ బ్రైటెనర్లు ఉంటాయి, బట్టల సబ్బు పొడిలో ఉండే రకమే. అవి కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని పీల్చి నీలి కాంతిగా వదులుతాయి, అందుకే అంత తెల్లగా అనిపిస్తుంది. కొన్నేళ్లకు అవి అలిసిపోతాయి, కాగితం తన అసలు లేత పసుపు రంగుకు వస్తుంది. మొదటి నుంచీ కాస్త పాలమీగడ రంగులో ఉండే, బ్రైటెనర్లు లేని పత్తి కాగితం మారేది తక్కువ. మెరుపా మ్యాటా అన్నది నిజానికి నలుపు లోతుకు సంబంధించిన ప్రశ్న. మంచి మెరుపు కాగితం మీది నలుపు తన మీద పడ్డ వెలుతురులో సుమారు 0.5 శాతమే వెనక్కి పంపుతుంది, మ్యాట్ మీది నలుపు సుమారు 2.5 శాతం. చేతిలో పెట్టుకుని చూస్తే తేడా తెలుస్తుంది. అద్దం వెనక గోడకెక్కాక అద్దం మీది ప్రతిబింబాలే ఆ తేడాను మింగేస్తాయి. కాబట్టి ఆల్బమ్‌కు మెరుపు, పటానికి మ్యాట్ పత్తి కాగితం అన్నది నా అలవాటు. పాత స్టూడియో కాగితాల తీరు కావాలనుకునేవారికి బేరియం సల్ఫేట్ పొరతో వచ్చే బరైటా కాగితాలున్నాయి. చేత్తో పట్టుకుంటే ఆ రోజులు గుర్తొస్తాయి, జేబు కూడా గుర్తొస్తుంది.

ఇంతా చదివి వెంటనే పిగ్మెంట్ ప్రింటర్ కొనబోయేవారిని ఆపాలనే నా ఉద్దేశం. ఏడాదికి పది ఫొటోలు వేసే ఇంటికి అది దండగ. పిగ్మెంట్ రేణువులు అడుగుకు దిగుతాయి, వాడకుండా ఉంచితే నాజిళ్లు ఎండి మూసుకుపోతాయి, మన వేసవిలో మరీ త్వరగా. శుభ్రం చేయమన్నప్పుడల్లా ప్రింటర్ ఖరీదైన సిరాను వ్యర్థాల డబ్బాలోకి పారబోస్తుంది. వారానికి ఒక ప్రింటైనా వేసే ఓపిక ఉన్నవారికి, ఫొటోగ్రఫీని గట్టిగా నేర్చుకుంటున్నవారికి, చిన్న స్టూడియోలకు అది తగిన పెట్టుబడి. మిగతావారు పిగ్మెంట్ ప్రింటర్, పత్తి కాగితం వాడే ల్యాబ్‌ను వెతుక్కోవడం మేలు. పెద్ద నగరాల్లో అలాంటివి ఉన్నాయి, ఫైలు పంపితే కొరియర్‌లో ప్రింటు వస్తుంది.

ల్యాబ్ అయినా, కొనబోయే ప్రింటర్ అయినా ఒక పరీక్ష పెట్టండి. నలుపు నుంచి తెలుపు దాకా 21 మెట్లున్న బూడిద రంగు పట్టీని, పక్కనే ఒక ముఖాన్ని ఒకే కాగితం మీద వేయించండి. ముందు ట్యూబ్‌లైటు కింద చూడండి. తరవాత గుమ్మం బయటికి, చీర చూసినట్టే. పట్టీలో ఎక్కడైనా గులాబీ, ఆకుపచ్చ తొంగిచూస్తే ఆ ప్రింటర్ బూడిదను రంగులతో కలుపుతోందని అనుమానించవచ్చు. చివరి రెండు మూడు నల్ల మెట్లు ఒకే ముద్దగా కలిసిపోతే జడలో పాయలు కనిపించవు. లేత మెట్లలో ఇసుక కనిపిస్తే బుగ్గ మీదా కనిపిస్తుంది.

ప్రింటు చేతికొచ్చాక మన ఇళ్ల అలవాట్లు కొన్ని మార్చుకోవాలి. తడి ఆరినట్టు కనిపించినా సిరాలోని ద్రావకాలు మెల్లగా బయటికి వస్తూనే ఉంటాయి. వెంటనే పటం కడితే అద్దానికి లోపలి వైపు మంచులా పడుతుంది. ఒక రోజు పైన తెల్ల కాగితం కప్పి ఉంచండి. పటం కట్టేవారు సాధారణంగా ఫొటోను అద్దానికి అదిమి బిగిస్తారు, వానాకాలం తేమకు అది అంటుకుపోతుంది. మధ్యలో అట్ట మౌంటు వేయమని అడగండి. అద్దం తప్పనిసరి, గాలిని ఆపేది అదే. కిటికీకి ఎదురుగోడ వద్దు. దండ వేయడానికీ, బొట్టు పెట్టడానికీ అద్దం ఉండనే ఉంటుంది. అగరొత్తులు మాత్రం కాస్త దూరంగా వెలిగిస్తే మంచిది.

అమ్మమ్మ ఫొటోను మళ్లీ వేయించాను, ఈసారి కర్బన పిగ్మెంట్‌తో, పత్తి కాగితం మీద. పాతదానంత మెరుపు లేదని పిన్ని అంది, నిజమే. దాంతోపాటే మూడు రకాల సిరాలతో వేసిన బూడిద పట్టీలను సగం వరకు అల్యూమినియం రేకు చుట్టి పడమటి కిటికీకి అంటించాను. ఒకటి బజారు సీసాది, ఒకటి కంపెనీ డై, ఒకటి పిగ్మెంట్. బజారు సీసా పట్టీకి చుట్టిన రేకు మూడు నెలలకు విప్పితే సగానికీ సగానికీ మధ్య గీత గీసినట్టు తేడా కనిపించింది. కంపెనీ డైలో కాస్త వెతికితే తెలిసింది. మూడోదాని రేకు ఇంకా విప్పలేదు. వచ్చే వేసవి కూడా పోనిచ్చి చూద్దామని అలాగే ఉంచాను.